పీకేసిన ఎర్ర బల్బు

సైదాబాద్‌లో టాక్సీ నడిపే సీమోనుది పాత ఫియట్ కారు. అందులో పెట్రోలు చూపించే ముల్లు ఏనాడో సగం దగ్గర ఇరుక్కుపోయింది. పెట్రోలు అడుగంటినప్పుడు ఎర్ర లైటు మాత్రం వెలిగేది. ముప్పై ఎనిమిది లీటర్ల టాంకులో అప్పటికింకా నాలుగు లీటర్లు ఉంటుందని, నలభై కిలోమీటర్ల దాకా ఫికర్ లేదని సీమోనుకు తెలుసు. ఎక్కినవాళ్లు నమ్మితేగా!

"నడుమల ఆగుతది భాయ్, మేం దిగుతం" అని బహదూర్‌పురాలో ఒక కుటుంబం దిగిపోయిన రోజున విసుగెత్తి ఆ బల్బు పీకేశాడు. అప్పటినుంచి కిలోమీటర్ల మీటరు చూసి, తిరిగిన దూరం మనసులోనే లెక్కపెట్టుకునేవాడు. తను చర్చికి పోయే ఆదివారాలు కారు నడిపే బాలనర్సింహకు మాత్రం ఈ సంగతి చెప్పడం మరిచాడు.

డెబ్బై ఆరు ఎండాకాలంలో ఒక సోమవారం, ఇబ్రహీంపట్నం నుంచి మొదటి బస్సుకు ఎల్లయ్య వచ్చాడు. సీమోను భార్య చంద్రమ్మకు ఆయన చిన్నాయన.

"బిడ్డా, మీ బాపు పానం నిలిచేటట్టు లేదు. నిన్నే పిలుస్తుండు. జల్ది రా."

చంద్రమ్మ తండ్రి ముఖం చూసి ఏడేళ్లయింది. చర్చికి పోయేవాణ్ణి చేసుకుందని లక్ష్మయ్య బిడ్డను గడప తొక్కొద్దన్నాడు. ఆయన పిలిస్తేనే పోతానని ఆమె కూడా మొండికేసింది. ఇప్పుడు పిలిచాడు.

ముగ్గురూ ఉన్నపళంగా బయలుదేరారు. ఆ తొందరలో సీమోను మీటరు వైపు చూడనే లేదు. ఊరింకా ఎనిమిది కిలోమీటర్లుందనగా కారు రెండుసార్లు కుదుపిచ్చి ఆగిపోయింది. దిగి, కారును ఊపి, టాంకు దగ్గర చెవిపెట్టి విన్నాడు. లోపల చప్పుడే లేదు.

"పెట్రోల్ అయిపోయింది" అన్నాడు.

"ఎర్ర లైటు రాలేదు గదా?" అంది చంద్రమ్మ.

సీమోను విననట్టే రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాకా బస్సు లేదు. చెయ్యెత్తితే రెండు లారీలు ఆగకుండా పోయాయి. చంద్రమ్మ ఇక నిలవలేదు. కొంగు నెత్తిన కప్పుకుని నడక మొదలుపెట్టింది. ఎల్లయ్య ఆమె వెంట, కారు వదిలేసి సీమోను వాళ్ల వెనక. కాలుతున్న తారు మీద ఆమె ఒక్కచోట కూడా ఆగలేదు, మంచినీళ్లకైనా.

వాడ మొదట్లోనే ఏడుపులు వినపడ్డాయి. లక్ష్మయ్య పోయి అరగంటైంది.

తల్లి బిడ్డను పట్టుకుని గుండెలు బాదుకుంది. "ఇంతసేపూ వాకిలి దిక్కే చూసిండమ్మా! అల్లుని మోటర్ చప్పుడైతుందేమో చూడుండ్రి, నా చంద్రి వస్తుందేమో చూడుండ్రి అని ఒకటే పాట."

అల్లుడు. ఆ మాట లక్ష్మయ్య నోట రావడం అదే మొదలు, అదే ఆఖరు. సీమోను గడప దాటకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

సాయంత్రం శవాన్ని సాగనంపి వచ్చాక, పెరట్లో ఒంటరిగా కూర్చున్న చంద్రమ్మ దగ్గరికి వెళ్లాడు.

"లైటు బల్బు నేనే పీకిన చంద్రా. బాలనర్సింహ లైటు రాలేదు గదా అని పెట్రోల్ పోయించలేదేమో. తప్పు నాది. నన్ను తిట్టు. కొట్టు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీ బల్బుతోని పోయింది అరగంట. నేను రాకుండ కూసున్న ఏడేండ్లు ఎవలమీద పడి ఏడ్వాలయ్యా?" అంది.

తిడితే ఓర్చుకోవచ్చనుకున్నాడు సీమోను. ఆ మాటకు ఆమె పక్కన కూలబడ్డాడు.

పన్నెండో రోజున చంద్రమ్మ సైదాబాద్‌కు తిరిగొచ్చింది. వండింది, వడ్డించింది, అడిగినదానికి జవాబిచ్చింది. పొద్దున్నే నల్లా దగ్గర బిందె నిండి పొర్లుతున్నా కట్టేయకుండా నిలబడి ఏడ్చేది. లోపల మంచం మీద సీమోను ఆ నీళ్ల చప్పుడు వింటూ, బయటికి రావడానికి ధైర్యం చాలక, కళ్లు మూసుకుని పడుకునేవాడు.