అక్క తెచ్చిన ఎరువు

మిషనమ్మ పెంచుకునే పద్దెనిమిది కోళ్ళలో ఏడు పోయాయి. పాతికేళ్ళు మిషను మీద బట్టలు కుట్టినందుకు వీధివాళ్ళు పెట్టిన పేరది. చూపు మసకబారి సూదిలో దారం ఎక్కించడం గగనమైపోయాక ఆవిడ బతుకు ఆ కోళ్ళ గుడ్ల మీదే నడుస్తోంది. మిగిలినవీ ఈకల మూటల్లా మూలన ముడుచుకుంటున్నాయి. నెత్తి మీది ఎర్ర జుట్టు పాలిపోయింది, రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది. తన తిండి తగ్గించుకుని మరీ వాటికి పెట్టింది. అయినా కోలుకోలేదు.

"నీ హస్తవాసి అంతేనే. నీ చేతిలో ఏదీ నిలవదు," అంది పక్కింటి అక్క, గంప దించుతూ. తోడబుట్టిన అక్కే. నిజమే కాబోలు అనుకుంది పిచ్చిది.

ఆ అక్క వారం వారం తన కోళ్ళగూడు ఊడ్చిన పెంటను గంపెడు తెచ్చి చెల్లెలి మొక్కల పాదుల్లో పోసేది. ఎంత ప్రేమో చూడండని మిషనమ్మ కనబడినవాళ్ళందరికీ చెప్పుకునేది. చెల్లెలి కోళ్ళు పొద్దస్తమానం ఆ పాదుల్లోనే గీరేవి.

చివరికి ఏడో కోడిని సంచిలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఆయన పేగు కోసి చూపించాడు. లోపల తెల్లటి పురుగులు చిక్కుపడ్డ దారపు ఉండలా ఉన్నాయి.

"ఏలికపాములమ్మా. మీ అక్కగారి కోళ్ళకూ ఇవే. మూడు నెలల కిందటే చెప్పాను, మందు వేయమని, ఆ పెంట నిండా వీటి గుడ్లే కాబట్టి దూరంగా గొయ్యి తీసి పూడ్చమని. మీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటుందండీ. నేనే మర్చిపోయి ఉంటాను."

అక్క పరువు కాపాడబోయి ఆడిన అబద్ధమది. నాలుగడుగులు వేసేసరికి ఆ అబద్ధానికి తన మీద తనకే ఒళ్ళు మండింది.

మందు సీసాతో సరాసరి అక్క పెరట్లోకి వెళ్ళింది. పెంట సంగతి అడిగితే అక్క మొక్కలకు బలమని తెచ్చానంది.

"పూడ్చమన్నాడట కదా."

"అన్నాడు."

"మరి?"

అక్క గూటి తలుపు వంక చూస్తూ మాట్లాడింది. "నావి తొమ్మిది పోయాయే. ఎవరికీ చెప్పలేదు. నీవి నిగనిగలాడుతూ నా కళ్ళ ముందే తిరుగుతుంటే చూడలేకపోయాను."

పరాయివాళ్ళయితే మిషనమ్మ నాలుగు తిట్టి వచ్చేసేది. చిన్నప్పుడు తనకు జడలు వేసిన చెయ్యి ఇది. ఏడుపు ముంచుకొస్తే ఆపుకోలేదు, అక్క చూస్తుండగానే ఏడ్చింది.

తలుపులు వేసుకుని మాటలు మానేద్దామన్నా కుదరదు. రెండు పెరళ్ళ మధ్య ఉన్నది మోకాలెత్తు గోడ. కోళ్ళు దాన్ని ఎగిరి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ఒకవైపు మందు వేసి రెండోవైపు వదిలేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"సీసా ఇలా ఇవ్వు. సగం వంచుకుని నావాటికి నేనే వేసుకుంటాను," అంది అక్క.

"వద్దు. నీవాటికీ నేనే వేస్తాను. ఒక్కోదాన్నీ పట్టుకో."

"ఆ మాత్రం నమ్మకం కూడా లేదుటే నా మీద?"

"లేదక్కా," అంటూ మిషనమ్మ మొదటి కోడి ముక్కు తెరిచింది.