తిరుమల్ ఆడించిన మొసలి ఆట

దోహా నగరంలోని నజ్మా పేటలో ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు తగిలించేసరికి తిరుమల్‌కు కళ్లు నెత్తికెక్కాయి. దోహా హోటళ్ల విందులకు ఆటగాళ్లనూ పాటగాళ్లనూ పంపడం అతని పని. తొంభై ఆరు చలికాలంలో ఒక పెద్ద హోటల్ ఆస్ట్రేలియా పండగ పెట్టింది. ఆట మెప్పిస్తే ఏడాదంతా విందులన్నీ అతనికేనంది. ఆస్ట్రేలియా ఉత్తరపు కొస నుంచి యోల్ంగు ఆదివాసీ జాతి పెద్దమనిషి హెన్రీని రప్పించి, మొసలి ఆట అంటూ ఊరంతా పోస్టర్లు అంటించాడు.

హెన్రీ పోస్టర్ చూసి కుదరదన్నాడు.

"మాలో రెండు సగాలు. దువా, యిరిచా. నేల, చేప, పిట్ట, పాట, అన్నీ ఏదో ఒక సగానివే. నేను దువా. సొరచేప మాది, ఆడతాను. ఈ మొసలి యిరిచా, నా భార్య పుట్టింటి వంశానిది. వాళ్లు లేకుండా ముట్టను."

"పెద్ద జమీందారు బయలెల్లిండు! మొసలికి గూడ పట్టా ఉంటదా? అడివిల తిరిగెటోనికి గింత టెక్కా!" అని తిరుమల్ తెలుగులో ఈసడించాడు.

సిగ్గూ ఎగ్గూ లేనివాడికి అడ్డేముంది? మెసయీద్ లేబర్ క్యాంప్ నుంచి సిరిసిల్ల దిక్కు కూలీలను వ్యాన్‌లో తెచ్చి, ఒళ్లంతా తెల్లరంగు పూశాడు. "పాకుండ్రి, ఏదన్న పాడుండ్రి. యల్లా!" అని వేదిక మీదికి తోశాడు. హెన్రీ గోడవారన నిలబడి చూశాడు. అతిథులు మాత్రం కబాబులు నములుతూ చప్పట్లు కొట్టారు. పాకేది ఎవరైతే వాళ్లకేం!

వాళ్లలో హన్మాండ్లు అనే నేతగాడికి ఏం పాడాలో తోచలేదు. చిన్నప్పుడు తమ వాడలో విన్న పద్మశాలీల పురాణం ఎత్తుకున్నాడు.

తిరుమల్ కొయ్యబారిపోయాడు. ఆ పురాణం వినేవాళ్లు పద్మశాలీలు, బొమ్మల పటం విప్పి చెప్పేవాళ్లు కూనపులి వాళ్లు. ఇంకొకరు నోరు విప్పడానికి లేదు. తిరుమల్ కూనపులి బిడ్డ. వాళ్ల తాత ఊరూరా తిరిగి ఆ కథ చెప్పి ఇంటిల్లిపాదినీ సాకాడు.

ఒక్క దూకు దూకి హన్మాండ్లు జుట్టు పట్టుకున్నాడు. "ఆపురా! మా తాతల కథరా అది! నీకెవడిచ్చిండు?"

"నువ్వే గదన్నా ఏదన్న పాడుమంటివి!" అంటూ హన్మాండ్లు బిక్కమొహం వేశాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. హోటల్ మేనేజర్ నవ్వుతూ వచ్చి తిరుమల్ భుజం తట్టాడు. "వేటగాడు దూకి మొసలిని పట్టుకోవడం అదిరింది! ఏడాది నీదే. రోజూ ఇదే పాట ఉండాలి."

తిరుమల్ అరుపుల అర్థం ఒక కూలీ హెన్రీకి వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పాడు. "మీవాళ్లను అడగవా?" అన్నాడు హెన్రీ మెల్లగా.

తిరుమల్ మేనేజర్‌కు వంగి దండం పెట్టాడు. తర్వాత హన్మాండ్లును పక్కకు పిలిచాడు.

"నడుమ ఒక పదం తప్పు పాడినవ్. పొద్దుగాల రూంకు రా, నేర్పుత."