టేపు నిలవని మనుషులు

బిలాస్‌పూర్ స్టేషన్ నుంచి తోర్వా వెళ్లే దారిలో కనకం టైలర్స్ షట్టరు పొద్దున్నే లేస్తుంది. రమణమూర్తి గుమ్మంలో నీళ్లు చల్లి, బొగ్గు వ్యాగన్లు విసిరిపోయిన నల్లదుమ్ము మిషను మీద నుంచి తుడిచి, పోయిన పెళ్లాం ఫొటోకి ఒక పువ్వు పెట్టి, అప్పుడు టేపు మెడలో వేసుకుంటాడు.

ఆ టేపు సంగతి రైల్వే కాలనీలో అందరికీ తెలుసు. అది ఇవాళ్టి ఒంటి కొలత చెప్పదు, బట్ట తొడుక్కునే రోజు ఒంటి కొలత చెబుతుంది. పెళ్లినాటికి చిక్కిపోయే పెళ్లికొడుక్కీ, బడి తెరిచేనాటికి సాగిపోయే పిల్లాడికీ కూడా చొక్కా అతికినట్టు సరిపోయేది. ఎప్పుడో ఒకసారి మాత్రం టేపు నిలవదు. అక్కడ మనిషే లేనట్టు జారి కాళ్ల దగ్గర పడుతుంది. అప్పుడాయన దాన్ని చుట్టచుట్టి, "బట్ట చాలదు బాబూ" అనేవాడు. వచ్చినవాళ్లు ఇంటికెళ్లి, దూరాన ఉన్న పిల్లలకి ఫోన్లు చేసుకునేవాళ్లు.

స్టేషన్ ఎదురుగా అద్దాల షోరూమ్ వెలిశాక కనకం టైలర్స్‌లో ఈగలు తోలుకోవడమే మిగిలింది. కూతురు ఝాన్సీకి అది చూస్తే కడుపు రగిలిపోయేది. బీకాం చదివిన పిల్ల, సూదిలో దారం ఎక్కించడం కూడా నేర్చుకోలేదు. చేతిలో ఫోన్ మాత్రం దించదు. దుకాణం పేరు మీద ఒక పేజీ తెరిచింది.

"ఈ మిషను గొప్ప ఎవరిక్కావాలి నాన్నా? కస్టమర్‌కి ఏం కావాలో అది చూపించాలి. హీరో కస్టమరే, సమ్‌ఝే?"

"నీకు తోచినట్టు సేసుకోమ్మా," అన్నాడు రమణమూర్తి కాజాలు కుట్టుకుంటూ.

అన్నంత పనీ చేసింది. తెల్ల యూనిఫాం మీద గ్రీజు మరక ఎలా వదులుతుందో చూపించింది. డ్యూటీ దిగొచ్చిన గార్డులని ఆపి, కొత్త చొక్కాలో నడిపించి వీడియోలు తీసింది. అర్ధరూపాయంత సందేహానికి కూడా ఓపిగ్గా జవాబు రాసింది. జనం మెల్లగా వాలడం మొదలుపెట్టారు. కామెంట్లు చదివీ చదివీ, 'లేదు' అన్న మాటే దుకాణానికి చేటని ఆమె బుర్రలో నాటుకుపోయింది. ఒకరోజు పేజీ నెత్తి మీద పెద్ద అక్షరాలతో హిందీలో రాసి పెట్టింది: మా గుమ్మం ఎక్కినవాళ్లని వెనక్కి పంపం.

బట్ట చాలదన్న మాటకి అర్థం తెలియక రాసింది కాదు. తెలిసే రాసింది. రాసేటప్పుడు ఆ సంగతి తలుచుకోలేదు, అంతే.

రిటైరైన గార్డు ఎర్రయ్య మనవడి పెళ్లికి తనకి కోటు కావాలని కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. టేపు జారిపోయింది. రమణమూర్తి నోరు తెరిచేలోగా ఎర్రయ్య కొడుకు ఫోన్ ముందుకి చాపాడు.

"ఇందులో రాసినారు కదా మావయ్యా, ఎవుల్నీ ఎనక్కి పంపమని."

రమణమూర్తి కూతురి వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే ఝాన్సీకి నచ్చలేదు. ఆయన టేపు తన ఛాతీ చుట్టూ ఒకసారి బిగించి, తీసి, ఎర్రయ్యకి చుట్టాడు. ఈసారి నిలిచింది.

ఎర్రయ్య పెళ్లికెళ్లాడు. కొత్త కోటులో కూర్చుని లడ్డూ తింటున్న ఆయన వీడియో ఝాన్సీ పెట్టిన వాటన్నిటికంటే ఎక్కువమంది చూశారు. ఆ వారమే రమణమూర్తి బెల్టుకి కొత్త కన్నం పొడుచుకున్నాడు.

తర్వాత సీపత్ నుంచి వచ్చారు, కర్గీ రోడ్ నుంచి రైలెక్కి వచ్చారు. టేపు నిలిచేవాళ్లు షోరూమ్‌కి పోయారో ఏమో, ఇక్కడికి వచ్చేవాళ్లలో జారిపోయేవాళ్లే ఎక్కువయ్యారు. రమణమూర్తి ఒక్కర్నీ కాదనలేదు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు ఆయన మీద వేలాడేది. ఒకరోజు అన్నం పెడుతుంటే ఆయన చేతి ఎముకలు కనిపించి ఝాన్సీ గరిటె కింద పెట్టేసింది.

"ఇంక చాలు నాన్నా. ఆ మాట తీసేశాను."

"తీసేస్తే ఏటవుతాది? జనం దగ్గరుండిపోనాది కదమ్మా. మనం ఇచ్చిన మాటే గదా అది."

నిజమే. ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఆ మాట రాసిన బొమ్మ తిరుగుతోంది. ఝాన్సీ సంజాయిషీ వీడియో పెట్టింది. ఎవరూ చూడలేదు.

ఒక మధ్యాహ్నం పక్క క్వార్టర్స్‌లో ఉండే అప్పయమ్మ మనవణ్ని వెంటబెట్టుకొచ్చింది. దిలీప్ అసిస్టెంట్ లోకో పైలట్, నిండా పాతికేళ్లు లేవు. పెళ్లి కుదిరింది, సూటు కుట్టించుకోవాలి. కుర్రాడు నవ్వుతూ చేతులు చాచి నిలబడ్డాడు. టేపు జారి అతని బూట్ల మీద పడింది. నవ్వు ఆగిపోయింది.

రమణమూర్తి వంగి టేపు తీసి తన ఛాతీకి చుట్టుకున్నాడు. అది ఆయన మీద కూడా నిలవకుండా జారి నేల మీద పడింది.

ఝాన్సీకి అర్థమైంది. ఎదురుగా ఉన్న నాన్న, దిలీప్ పెళ్లిరోజుకి ఉండడు.

"ఓలమ్మా! నాది తీసుకో బాబూ," అప్పయమ్మ పైట నడుముకి దోపుకుని ముందుకొచ్చింది. "బతికీసినదాన్ని, నాకేటి కావాలింక?"

"నీది పనికిరాదమ్మా. కత్తెర పట్టినోళ్లే ఇవ్వాల."

ఝాన్సీ ఫోన్ బల్ల మీద పెట్టింది. కత్తెర అందుకుంది. అది అంత బరువుంటుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు.

"ముందు నీకు కుడతాను నాన్నా. ఏ రోజుకి కావాలో చెప్పు."

"అడిగినోడికే పడతాదమ్మా అది. నేనడగను."

"అడుగు నాన్నా. నీ కాళ్లు పట్టుకుంటాను."

రమణమూర్తి తల అడ్డంగా ఊపాడు. ఆమె ఏడ్చింది, తిట్టింది, ఆయన చొక్కా పట్టుకుని కుదిపింది. ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని, "కుర్రోడు నిలబడిపోయి ఉన్నాడు, సూడు," అన్నాడు.

ఆమె చున్నీ పక్కన పడేసి టేపు తన ఛాతీకి బిగించుకుంది. తర్వాత దిలీప్‌కి చుట్టింది. నిలిచింది. రమణమూర్తి ఎక్కడ గీత గియ్యాలో, ఎక్కడ వదులు ఉంచాలో చెబుతుంటే ఆమె మొదటిసారి గుడ్డ కోసింది. సగంలో చేతి గాజు మణికట్టు దాటి జారి గుడ్డ మీద పడింది. దాన్ని పక్కకి తోసి మిగతాది కోసింది.

అప్పయమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టి మనవణ్ని తీసుకెళ్లింది. వాళ్లు దిగిన గుమ్మం దగ్గరే ఇంకెవరో చెప్పులు విప్పుతున్నారు. చంకలో బిడ్డతో ఒక చత్తీస్‌గఢీ ఆడమనిషి లోపలికొచ్చి, ఫోన్ చూపించి, భయంభయంగా నవ్వింది. పిల్లాడికి మొదటి పుట్టినరోజుకి చొక్కా కావాలట.