గుండ్రని చుక్కలు

"మళ్లా బియ్యం గింజలేనా?" అన్నాడు మా ఆయన తబ్రేజ్, నా భుజం మీదుగా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూసి. అతను టిఫిన్ తిన్న ప్లేటు కడిగి, చేతులు తుడుచుకుని అప్పుడే కూర్చున్నాను. రాత్రి నేను తీసిన ఆకాశం ఫోటోలో చుక్కలన్నీ ఒకే వైపుకు సాగి, నిజంగానే బియ్యం గింజల్లా ఉన్నాయి. కోపం రావాల్సిన మాటే. కానీ పోలిక అంత చక్కగా కుదిరాక ఏమంటాను?

"వచ్చే ఆదివారం ఖమ్మం నుంచి స్తెఫను సార్ వస్తుండు, కళ్లద్దాలకు కొత్త ఫ్రేము చూసుకుంటడట. గా డబ్బా ఆయన చుక్కలు చూసే క్లబ్బుకు ఇచ్చేద్దాం. నీకెందుకు గీ తిప్పలు? బొమ్మ మంచిగ వస్తే ఉంచుకుందువు, లేకుంటే పంపిద్దాం."

డబ్బా అంటే నా ఎనిమిదంగుళాల టెలిస్కోపు. డిగ్రీలో నాకు ఫిజిక్స్ చెప్పిన రాజ్యశ్రీ మేడమ్, చూపు మందగించాక పిలిచి మరీ ఇచ్చారు. "నీ చేతులు మంచియి ఆతియా, నీ దగ్గరుంటే ఇది పని చేస్తది" అన్నారు. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో నా చేతుల గురించి విన్న మంచి మాట అదొక్కటే. నా రొట్టెలు చూసినప్పుడు మా అత్త అనే మాటలు వేరు.

అలాగని నా చేతులకు పని లేక కాదు. పాల్వంచ బస్టాండు ఎదుట 'తబ్రేజ్ ఆప్టికల్స్'లో కౌంటరు ఆయనది, కర్టెన్ వెనక సానరాయి నాది. ఫ్రేముకు తగ్గట్టు లెన్సు అంచులు అరగదీసి, కంటిపాపకు సరిగ్గా ఎదురుగా లెన్సు నడిమి భాగం వచ్చేలా బిగించేది నేను. ఒక్క మిల్లీమీటరు తప్పినా పెట్టుకున్నవాళ్లకు తలనొప్పే. బయట ఎవరో "నీ చేతిల మహిమ ఉంది భాయ్" అంటారు. తబ్రేజ్ నవ్వుతాడు. ఆ నవ్వు నాకు కర్టెన్ ఇవతలికి వినిపిస్తుంది.

బియ్యం గింజల ఫోటో క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మేడమ్, మీ మిస్టర్‌ను ఒకసారి బ్యాలెన్స్ చూడమనండి" అన్నారొకరు. గైడ్ స్కోపు ఇంకా పెద్దది పెట్టమన్నారు ఇంకొకరు. భూమి తిరుగుతుంటుంది కనుక టెలిస్కోపు చుక్క వెంట కదులుతూ ఉండాలి, ఆ కదలికను సరిదిద్దడానికి పక్కన ఒక చిన్న దుర్భిణి ఉంటుంది. అదే గైడ్ స్కోపు. దాని లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. బొమ్మలో మాత్రం చుక్కలు సాగుతున్నాయి, అదీ రోజూ ఒకే వైపుకు. గాలికైతే రోజుకో వైపు సాగాలి కదా. పెద్ద గొట్టం లోపలి అద్దమే, గొట్టం వాలినకొద్దీ వెంట్రుకవాసి జారుతోంది. పక్కన కూర్చున్నదానికి ఆ సంగతేం తెలుసు? దాని మటుకు అంతా బాగుంది. పక్కన కూర్చుని అంతా బాగుందనేవాళ్లతో నాకు ఏళ్ల కాపురం, అందుకే ఈ జబ్బు తొందరగా పట్టుకున్నాను.

కావాల్సింది ఆఫ్ యాక్సిస్ గైడరు. పెద్ద అద్దం నుంచి వచ్చే వెలుగులోనే, అంచున ఒక చిన్న ప్రిజం పెట్టి ఒక చుక్కను పక్క కెమెరాకు మళ్లిస్తుంది. అద్దం జారితే దానికీ తెలుస్తుంది. మూడు రకాలు చూశాను. పల్చటిదాని ప్రిజం మరీ చిన్నది, అంచున దొరికే మసక చుక్కలకు చాలదు. పెద్ద ప్రిజం ఉన్నది మందం ఎక్కువ, గొట్టానికీ కెమెరాకూ మధ్య ఉండాల్సిన దూరంలో ఇమడదు. మూడోది, కెమెరా ముందు ఇప్పుడున్న రింగుల్లో ఒకటి తీసేస్తే సరిగ్గా పడుతుంది. మా తమ్ముడు అద్నాన్‌తో హైదరాబాద్ నుంచి అదే తెప్పించాను.

శుక్రవారం షట్టరు దించి తబ్రేజ్ జుమా నమాజుకు వెళ్లాడు. నేను డాబా మీద టెలిస్కోపును థర్మల్ కరెంటు ప్లాంటు పొగగొట్టం వైపు తిప్పాను. దూరంగా, కదలకుండా నిలబడేది మా ఊళ్లో అంతకన్నా ఏముంది? గైడరు బిగించి తెర చూశాను. పొగగొట్టం మీద సగం దాకా నల్లటి నీడ. పదకొండేళ్ల అలవాటు! ప్రిజాన్ని కూడా లెన్సులాగే నట్టనడిమికి తెచ్చి బిగించాను. నడిమిన ఉంటే అసలు బొమ్మకే అడ్డం కదా. ఒక్కదాన్నే పకపకా నవ్వుకున్నాను.

"ఆతియా, వాడొచ్చే యాళ్లయింది, అన్నం పెట్టినవా?" కింద నుంచి అత్త.

"గిన్నె మీద మూత తీస్తే అన్నం ఉంటది అమ్మీ" అన్నాను. అలా అనడం నాకే కొత్తగా ఉంది.

ప్రిజాన్ని కొంచెం కొంచెంగా పైకి లాగాను. నీడ తగ్గుతూ వచ్చి తెర దాటిపోయింది. అక్కడే మర బిగించాను. పెద్ద కెమెరాలో పొగగొట్టం ఇనుప నిచ్చెన స్పష్టంగా ఉంది. పక్క కెమెరాకు కనిపించేది అదే పొగగొట్టంలో ఇంకో ముక్క, అదీ మసకగా. దాని రింగు తిప్పుతూ తిప్పుతూ, అక్కడి నిచ్చెన మెట్లు కూడా లెక్కపెట్టగలిగేదాకా తెచ్చాను. ఇక రెండు కళ్లకూ ఒకే చూపు.

శనివారం ఆకాశం తేటగా ఉంది. హెర్క్యులిస్ తారామండలంలోని చుక్కల గుంపును తీశాను. వేల చుక్కలు, మూలల్లో ఉన్నవి సైతం గుండ్రంగా వచ్చాయి. నాకు గర్వమేసింది. దాచుకుంటే దాగే గర్వం కాదు.

ఆదివారం స్తెఫను సార్‌ను తబ్రేజ్ పైకి తీసుకొచ్చాడు. సార్ బొమ్మను పెద్దది చేసి నాలుగు మూలలూ వెతికారు. "అరె! మా క్లబ్బుల గైడరు ఆరు నెలల్నుంచి అట్టపెట్టెలనే ఉంది, ఎవ్వరికీ కుదురుతలేదు. ఎవరు బిగించిర్రు గిది?" అని అడిగి, జవాబు కోసం తబ్రేజ్ వైపు తిరిగారు. "నువ్వే గదా భాయ్. కళ్లద్దాలు చేసే చేతికి గిదొక లెక్కనా!"

తబ్రేజ్ నవ్వాడు. "ఏదో సార్, మీ అభిమానం."

ఇన్నేళ్లూ విన్న నవ్వును ఎదురుగా చూడడం అదే మొదటిసారి.

"బిగించింది నేను సార్" అన్నాను. "టెలిస్కోపు ఎవరికీ ఇస్తలేను. మీ గైడరు వచ్చే ఆదివారం నేనే వచ్చి బిగిస్త. రోజంతా పడ్తది."

సార్ ఏదో అనేలోపే తబ్రేజ్ అందుకున్నాడు. "ఆదివారమా? షాపుల ఎంత గిరాకీ ఉంటదో ఎరుకేనా నీకు? నువ్వు పోతే లెన్సులు ఎవరు సానపడ్తరు?"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. స్తెఫను సార్ మెల్లగా, మా షాపులోనే చేయించుకున్న తన కళ్లజోడు తీశారు. ముందు దాన్ని చూశారు, తర్వాత తబ్రేజ్‌ను చూశారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేను కాదు.

"ఖమ్మం ఫస్ట్ బస్సు ఎన్నింటికి సార్?" అని అడిగాను.