జరగని తీతువు

ఇసుక కాలుతోంది.

పెన్న ఇసుక. ఒక కాలు మోపితే చుర్రుమంటుంది, అది ఎత్తేలోపల రెండో కాలు చుర్రుమంటుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో ఎండాకాలం. జమ్మలమడుగు పక్క ఏట్లో నీళ్లు లేవు. చెలమ తవ్వితే ఊరే నీళ్లు... అంతే. ఆ నీళ్లనే కడవలతో మోసి, మైమూన్, ఆమె ముసలి జేజి జానీబీ ఇసుకలో కర్బూజ తీగలు పెంచారు.

ఆరు సాళ్లు. కాయలు పిడికిలంత అయ్యాయి. ఇంకో పది రోజులు ఓపిక పడితే చాలు.

పది రోజులు — బండ్లు రాకుంటే.

ఏటికవతల గనుల్లో నాపరాళ్లు తీస్తారు. ఇవతల జమ్మలమడుగులో కొత్త మిద్దెలు లేస్తున్నాయి. రాళ్ల బండికి పొడి ఇసుక పడదు, చక్రం కూరుకుపోతుంది. నీళ్లు తాగి గట్టిపడిన ఇసుక కావాలి. అలాంటి ఇసుక ఏట్లో ఒక్కచోటే ఉంది — తీగల కింద.

పోయినేడు మూడు బండ్లు తీగల మీదుగానే పోయాయి.

ఆ రోజు కాపలా మైమూన్‌దే. ఎద్దులంటే ఆమెకు పై ప్రాణాలు పైనే పోతాయి. చెలమ గట్టు వెనక నక్కి చెవులు మూసుకుంది. నిద్రపట్టేసిందని జేజికి చెప్పింది. జేజి నమ్మింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఈ ఏడూ కాపలా ఆమెదే. వయసు తొమ్మిదేళ్లు. చేతిలో కట్టె. కట్టె ఉన్నా లేనట్టే — ఎద్దు తలతిప్పేలోపల పారిపోయే పిల్ల.

ఆఖరి సాలు పక్కన తీతువు గుడ్లు పెట్టింది.

గూడంటే గూడు కాదు. ఇసుకలో చిన్న గుంట. గులకరాళ్లో గుడ్లో తెలియనివి నాలుగు. తీతువు కూస్తే కీడంటారు ఊళ్లో. బండి కట్టేటప్పుడు కూసిందా, కట్టిన బండి విప్పేస్తారు. మైమూన్ కూడా మొదట్లో భయపడింది. పొద్దంతా ఒంటరిగా కూర్చునే పిల్ల... ఎన్నాళ్లని భయపడుతుంది? చూడసాగింది.

నిన్న గొర్రెల మంద వచ్చింది.

రెండు వందల గొర్రెలు. దుమ్ము. డెక్కల చప్పుడు. తీతువు ఎగిరిపోలేదు. గుడ్ల ముందు నిలబడింది. పచ్చటి సన్నకాళ్లు. రెక్కలు రెండూ చాపి, గొంతు చించుకుని అరిచింది.

దాని ఒళ్లంతా వణుకుతోంది. మైమూన్ అది చూసింది. వణుకుతూనే ఉంది... జరగలేదు. మంద దానికి అటూ ఇటూ చీలిపోయింది.

పిట్ట కొంచెం, కూత ఘనం అని జేజి నవ్వింది. మైమూన్ నవ్వలేదు. రాత్రి చాపమీద కూడా దాని కాళ్లే గుర్తొచ్చాయి.

ఈ రోజు జేజి ఊళ్లోకి పోయింది. పొద్దు నడినెత్తికి రాలేదింకా. ఇరుసు చప్పుడు.

కిర్... కిర్...

ఒక బండి. వెనక ఇంకోటి. ఆ వెనక ఇంకోటి. ముందు బండి శేషయ్యది — పోయినేడు తోలినవాడే. తలగుడ్డ కళ్లమీదికి దించుకుని రాళ్లమీద కునుకుతున్నాడు. ఎద్దులకు దారి తెలుసు. నేరుగా సాళ్లకేసి వస్తున్నాయి.

చెలమ గట్టు నాలుగడుగుల్లో ఉంది.

కాళ్లు అటే లాగాయి. రెండడుగులు వేసింది కూడా... ఆగింది. వెనక్కి వచ్చింది.

సాళ్ల ముందు నిలబడి చేతులు రెండూ చాపింది. కట్టె ఎక్కడ జారిపోయిందో తెలియదు. కొమ్ములు పెద్దవయ్యాయి. ఇంకా పెద్దవయ్యాయి. పిలవాలి, ఆపమనాలి — ఒక్క మాటా రాలేదు. నోరు తెరిస్తే ఒట్టి అరుపు వచ్చింది. సన్నగా, పదునుగా, ఆగకుండా.

శేషయ్య ఉలిక్కిపడి పగ్గాలు లాగాడు. తీతువనుకున్నాడు. ఆకాశంలో వెతికాడు. పిట్ట లేదు. అప్పుడు ఎద్దుల ముందు పిల్ల కనిపించింది.

“పక్కకు జరుగు పాపా. తొక్కుతాయి. భయం ల్యాదా నీకు?”

ఎద్దు ఊపిరి మొహానికి కొడుతోంది. భయాన్ని ఆమె దాచుకోలేదు.

“శానా భయమైతాంది మామా. జరగను.”

వెనక బండ్లు వచ్చి ఆగాయి. ఎందుకాపినావప్పా అని ఎవరో కేకేశారు. శేషయ్య బండి దిగాడు. పగ్గం చేతిలోనే ఉంది — ఎటు తిప్పాలో తేల్చుకోలేదింకా.

మైమూన్ చేతులు నొప్పెడుతున్నాయి. దించలేదు.