ఇరవై కాదు, ఇరవై ఎనిమిది

గువ్వ వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి గువ్వే. తండ్రి తాపీమేస్త్రీ, తల్లి ఆయన వెంటే ఇటుకలు మోసే మనిషి. కూతురు నర్సింగులో చేరి తెల్లకోటు తెచ్చి చూపించిన రోజున తండ్రి చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. అయినా దాన్ని ముట్టుకోకుండానే "బాగుందమ్మా" అన్నాడు.

గువ్వ అన్నది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు. హాస్టల్లోనూ అదే నిలిచిపోయింది. నోట్లో నాలుక లేని పిల్ల. చేరి ఎనిమిది నెలలైనా ఆమె గొంతు ఎలా ఉంటుందో సగం మందికి తెలియదు.

మొదటి వార్డు డ్యూటీ మూడు వారాలు. చివర్లో వార్డు సిస్టర్ రికార్డు పుస్తకంలో సంతకం పెడితేనే రెండో సంవత్సరంలోకి వెళ్ళేది. ఆ సిస్టరంటే మూడో సంవత్సరం వాళ్ళకే హడలు.

రోజూ పొద్దున్నే పన్నెండు మంచాల దగ్గరికీ వెళ్ళి జ్వరం, నాడి, ఊపిరి చూసి చార్టులో రాయడం గువ్వ పని. ఊపిరితోనే వచ్చింది చిక్కు. లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరికైనా ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, ఓరకంట ఛాతీ కేసి చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాలి.

ఏడో మంచం బామ్మ కాలు విరిగి పది రోజులుగా కదలకుండా పడుకుని ఉంది. కాలు కట్టేశారు గాని నోరు కట్టేసేవాళ్ళు పుట్టలేదు. "ఏమే పిల్లా, చెయ్యి పట్టుకుని మెడ కేసి చూస్తావేం? గొలుసు లేదు, వెతక్కు!" అని రోజూ దెప్పేది. గువ్వ నవ్వాపుకుంటూ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

డ్యూటీ ఇంకా రెండు రోజులుందనగా, ఆ పొద్దున బామ్మ ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుని పడుకుంది. గువ్వ లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది వచ్చింది.

చార్టులో సాయంత్రం వరస చూస్తే పైనుంచి కిందదాకా ఇరవై, ఇరవై, ఇరవై. సాయంత్రం పూట రాసే మూడో సంవత్సరం అక్క చేతిరాత అది. మేస్త్రీ కొలతకూ కూలీ కొలతకూ తేడా వస్తే తప్పు కూలీదేనని గువ్వ వాళ్ళింట్లో అందరికీ తెలుసు. ఆమె నడవడం నేర్చింది తండ్రి కట్టే ఇళ్ళ ముందు ఇసుక కుప్పల మధ్యే. అక్క అన్నిసార్లు తప్పు రాస్తుందా? తనే ఎక్కడో రెండేసి లెక్కపెట్టి ఉంటుంది. ఇరవై అని రాసి ఎనిమిదో మంచానికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి, తినకుండా మూతతో ఆడుతూ కూర్చుంది.

"ఏంటే, ముఖం అలా మాడ్చుకున్నావు?" అంది పక్కన కూర్చున్న అక్క.

"అక్కా... ఏడో మంచం బామ్మ ఊపిరి నువ్వెలా లెక్కపెడతావు?"

"లెక్కపెట్టడం కూడానా! పన్నెండు మందికీ తలా ఒక నిమిషం పెడితే తెల్లారినట్టే. ఆవిడ వాగుడు వినలేదూ? అంత మాట్లాడే మనిషికి ఊపిరికేం లోటు? ఇరవై వేసెయ్."

"ఇవాళ మాట్లాడలేదక్కా. ఇరవై ఎనిమిది వచ్చింది. నేను ఇరవై రాశాను."

అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గొంతు తగ్గించి, "ఇప్పుడు నోరు విప్పావో, నీ సంతకం హుళక్కి. నాకూ చీవాట్లే. సాయంత్రం నేను వెళ్తానుగా, చూసి రాస్తాలే" అంది.

గువ్వ డబ్బా మూసి లేచింది. సాయంత్రమంటే ఇంకా నాలుగు గంటలు.

బామ్మ మణికట్టు పట్టుకుని ఈసారి గడియారం ముల్లు వెంట వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. ముప్పై రెండు. పెదవుల రంగు కూడా తేడాగా ఉంది. వార్డు చివర సిస్టర్ బల్ల దగ్గరికి నడిచింది.

"సిస్టర్... ముప్పై రెండు."

సిస్టర్ రాస్తున్న కాగితం మీదనుంచి తలెత్తలేదు. "ఏంటి ముప్పై రెండు? పళ్ళా?"

"ఊపిరి సిస్టర్. ఏడో మంచం బామ్మకి."

సిస్టర్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఆ తర్వాత గువ్వ చెయ్యాల్సిందేమీ లేకపోయింది. ఆక్సిజన్ పెట్టారు. డాక్టరొచ్చారు, ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని, ఇప్పటికైనా తెలిసింది గనక మందులతో లొంగుతుందని అన్నారు.

అంతా సద్దుమణిగాక సిస్టర్ చార్టు పట్టుకొచ్చింది. "పొద్దున ఇరవై అని ఉందే?"

"ఇరవై ఎనిమిది వచ్చింది సిస్టర్. నేనే ఇరవై రాశాను. సాయంత్రం వరసంతా ఇరవయ్యే ఉందని... నా లెక్కే తప్పనుకున్నాను."

సిస్టర్ ఆ వరసంతా వేలితో జరుపుకుంటూ చూసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్కతో, "నువ్వు వెళ్ళకు, నీతో పనుంది" అంది.

గువ్వ దిద్దడానికి బల్ల మీది తెల్లరంగు సీసా అందుకోబోయింది.

"దాన్ని ముట్టుకోకు! ఒక్క గీత కొట్టు. కింద ఏం రాశావో కనబడాలి. పక్కన సరైనది రాసి, టైము వేసి, సంతకం చెయ్యి."

గువ్వ అలాగే చేసింది. గీత కింద ఇరవై స్పష్టంగా కనబడుతోంది.

"నీ పుస్తకంలో నేను ఇప్పుడు పెట్టను సంతకం. సెలవుల్లో ఒక వారం ఇక్కడే ఉండు. నువ్వు లెక్కపెట్టిన ప్రతి మంచం దగ్గరా నేనూ లెక్కపెడతాను."

మర్నాడు సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది. జరిగిందంతా తండ్రికి చెప్పింది.

"అయితే కట్టింది పడగొట్టి మళ్ళీ కట్టమన్నారా?"

"పడగొట్టనివ్వలేదు నాన్నా. తప్పు తప్పులాగే కనబడాలట."

"ఇదెక్కడి పనమ్మా! మేమైతే పైన ఇంత సిమెంటు పూసేసి చేతులు దులుపుకుంటాం." ఫోనులో తల్లి నవ్వు వినిపించింది. ఆయనే మళ్ళీ అడిగాడు: "ఇంతకీ ఆ ముసలావిడ ఎలా ఉంది?"

"పొద్దున నన్ను తిట్టింది. నిమిషం నాడి చూస్తానని చెప్పి గంట నిలబడ్డావే, నీ కాళ్ళు పడిపోనూ అంది."

"తిట్టిందా?" అన్నాడు తండ్రి. "అయితే గట్టి మనిషే. వారం కాదు, రెండు వారాలుండమన్నా ఉండి రా."