పలకకూడని నెల

చాంద్రమానం ఏడో నెల వచ్చిందంటే మా రేవులో చీకటి పడ్డాక ఎవరూ ఎవరినీ పేరుపెట్టి పిలవరు. ఆ నెలంతా దిక్కులేని దయ్యాలు తిరుగుతుంటాయి. పేరు వింటే వెంటబడతాయి. ఎవరైనా పిలిచినా పలకకూడదు, వెనక్కి తిరగకూడదు. మా మనవరాలు యీనింగ్‌కు మాటలు రాకముందే మా ఆవిడ గ్వేలీ ఈ సంగతి నూరిపోసింది.

పిల్లల సినిమా పండగ ఆ నెలలోనే మా దీవికి వచ్చింది. దాన్ని నడిపేది రాజధాని తైపే నుంచి వచ్చిన షూహాన్ అనే అమ్మాయి. గుడి ముందు జనం మొక్కు తీర్చుకోవడానికి వేయించే సినిమాలు ఆడించేవాణ్ణి నేనే కాబట్టి నన్ను పెట్టుకుంది. రేవు ఒడ్డున తెర కట్టాను. తెర వెనక అడ్డుగోడ. గోడ అవతల అలలను ఆపే నాలుగు కాళ్ల సిమెంటు దిమ్మెలు. వాటి సందుల్లో సముద్రం.

మొదటి వరుస కుర్చీల్లో గ్వేలీ ఎవరినీ కూర్చోనివ్వలేదు.

“మామ్మగారూ, పిల్లలు నిలబడి ఉన్నారు. ఈ ఖాళీ కుర్చీలు ఇవ్వచ్చు కదా?” అంది షూహాన్.

“ఖాళీ అని ఎవరన్నారు? నీకు కనబడట్లేదంతే.”

ఆ పిల్ల నవ్వబోయి, గ్వేలీ మొహం చూసి మానుకుంది.

నక్కపిల్ల ఒకటి పడవ వేసుకుని ఇల్లు వెతుక్కునే బొమ్మల సినిమా అది. పిల్లలు కదలకుండా చూస్తున్నారు. నేను యంత్రం దగ్గర ఉన్నాను. గ్వేలీ నా దగ్గరకు వచ్చింది.

“యీనింగ్ ఇటొచ్చిందా?”

“రాలేదు.”

వేయించిన చేప ఉండల బండి దగ్గర లేదు. మరుగుదొడ్డిలో లేదు. సినిమా ఆపేశాను. షూహాన్ మైకు అందుకుంది.

“హోంగ్ యీనింగ్! హోంగ్ యీనింగ్! ఎక్కడున్నావమ్మా?”

గ్వేలీ మైకు లాగేసుకుంది. “నోర్ముయ్! ఇంటిపేరుతో సహా అప్పజెప్తావా వాళ్లకి?”

“పిల్ల కనబడట్లేదు మామ్మగారూ!”

“కనబడట్లేదని, ఇక దక్కకుండా చేస్తావా?”

తల్లులు పిల్లలను ఒళ్లోకి లాక్కున్నారు. నేను తెర వెనక్కి వెళ్లాను. వెనక నుంచి కూడా బొమ్మ కనబడుతుందని మా వాడ పిల్లలందరికీ తెలుసు.

గోడ మీద ఎర్ర చెప్పు ఉంది. యీనింగ్‌దే. ఒకటే ఉంది.

పోటు ఎక్కుతోంది. దిమ్మెల కింద నీళ్లు గుటకలు వేస్తున్నాయి. ఊరిపెద్ద టార్చి వేశాడు. ఆ వెలుగు ఒక్క సందుకే సరిపోయింది. అక్కడ ఉన్నవి వందల సందులు. ప్రొజెక్టర్‌ను మోసుకొచ్చి గోడ మీద పెట్టాం. మూతి కిందికి వంచి వెలిగించాను. నక్కపిల్ల దిమ్మెల మీద ముక్కలు ముక్కలుగా పరిగెత్తింది. దాని వెలుగులో వెతికాం.

గ్వేలీ ఆపుతున్నా జనం వినలేదు. తలా ఒక పక్క నుంచి యీనింగ్, యీనింగ్ అని అరిచారు. జవాబు లేదు.

“ఇంతమంది పిలిచినా పలకట్లేదంటే...” అన్నాడు ఊరిపెద్ద.

“ఆ మాట పూర్తి చెయ్యకు” అన్నాను.

గ్వేలీ గోడ పట్టుకుని నిలబడిపోయింది. “నేనే చెప్పాను” అంది. “చీకట్లో ఎవరు పిలిచినా పలకొద్దని నేనే చెప్పాను. అది వింటోంది. వింటూనే నోరు మూసుకుని కూర్చుంది.”

“మరి ఎలా పిలవాలి?” అంది షూహాన్. ఏడుస్తోంది.

గ్వేలీ నా చేతిలోని చెప్పు చూసింది. లాక్కుని, గోడ మీదికి సగం వంగింది.

“ఒసే దరిద్రపు మొహమా! నిన్న కొన్న చెప్పులే! ఒకటి ఇక్కడుంది, రెండోది చేపలకు మేపావా?”

అందరం గోడ మీదికి వంగాం.

“మేపలేదు! పడిపోయింది!” కింద నుంచి ఏడుపు గొంతు. “తీద్దామని దిగితే కాలు ఇరుక్కుంది!”

నేను దిగాను. నాచు మీద రెండుసార్లు జారాను. సందులో తల దూర్చితే కనబడింది. నడుము దాకా నీళ్లు. అల వచ్చినప్పుడల్లా గడ్డం ఎత్తుతోంది. చెయ్యి చాపాను. అది తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నువ్వు నిజం తాతవేనా?”

ఇంకాస్త లోపలికి దూరాను. ఇంకో అల మా ఇద్దరి మీదుగా పోయింది.

“ఊఁ” అన్నాను.

“ఏం అడిగినా ఊఁ అనేది నువ్వే. తాతవే” అని చెయ్యి ఇచ్చింది.

నీళ్లలో మునిగి దాని పాదం పక్కకు తిప్పాను. రాలేదు. మళ్లీ తిప్పాను. చర్మం గీరుకుపోయింది కానీ కాలు వచ్చింది. పైనుంచి ఊరిపెద్ద, షూహాన్ అందుకున్నారు.

గ్వేలీ ముందు ఒకటి వేసింది. తర్వాత గట్టిగా పట్టుకుంది. ఇక వదల్లేదు.

“నక్క ఇల్లు చేరిందా?” అంది యీనింగ్, పళ్లు టకటకలాడుతుంటే.

ఎవరికీ తెలియదు. మిగతా పిల్లలు కూడా అదే అడుగుతున్నారు. ప్రొజెక్టర్‌ను మళ్లీ మోసుకెళ్లి తెర ముందు పెట్టాం.

గ్వేలీ మనవరాలిని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. వెనక వరుసలన్నీ నిండిపోయాయి. మొదటి వరుస మధ్య కుర్చీ దగ్గర ఆగింది.

“కాస్త జరగండి నాయనా” అంది మెల్లగా.

కాసేపు ఆగి, పిల్లతో సహా అక్కడే కూర్చుంది.